బట్టీ దగ్గర నీళ్ల తొట్టి

మా నాన్నకు ఒక్క కన్నే ఉండేది. ఎడమ కన్ను పువ్వేసింది. నాకు ఊహ తెలిసేసరికే అది పాలరంగుకు తిరిగి ఉంది. నాన్నలందరికీ ఒక కన్ను తెల్లగానే ఉంటుందేమో అనుకునేదాన్ని చిన్నప్పుడు. అనుకోనూ మరి? మా వాడలో సున్నం బట్టీకి పోయే ఆడా మగా అందరిలో అటువంటి కళ్లు ఇంటికొకటైనా ఉండేవి. ఎవరూ వాటి గురించి ప్రత్యేకంగా మాట్లాడుకునేవాళ్లు కాదు. వానాకాలంలో కాళ్లు ఒరుస్తాయి, బట్టీలో కళ్లు పోతాయి, అంతే.

మాది పిడుగురాళ్ల. నాన్న బట్టీ మేస్త్రి. రాయి ఒక వరస, బొగ్గు ఒక వరస పేర్చి, ఎక్కడ సందు వదలాలో, గాలి ఎటు తిరుగుతుందో చూసుకుని నిప్పు పెట్టించేవాడు. ఆయన పేర్చిన బట్టీలో రాయి పచ్చిగా మిగలదని పేరు. కృష్ణ మీద డ్యాం పని మొదలయ్యాక లారీలు పెరిగాయి, బట్టీలు పెరిగాయి, నాన్న గొంతు కూడా పెరిగింది. ఆ గొంతు ముఖ్యంగా ఒక్క విషయానికే లేచేది. బట్టీ దరిదాపుల్లో నీళ్ల కుండ కనిపించకూడదు. తాగే నీళ్లు దూరంగా వేపచెట్టు కింద ఉండాలి. దప్పికైతే అక్కడిదాకా నడిచి వెళ్లి తాగి, మూతి తుడుచుకుని రావాలి. కొత్తగా పనిలోకొచ్చిన ఒకావిడ చంటిపిల్లకోసమని బట్టీ పక్కన ముంత పెట్టుకుంటే నాన్న అరిచిన అరుపుకు ఆ పిల్ల ఏడుపు మానేసింది.

కారణం లేకపోలేదు. కాలిన సున్నపుగడ్డ మీద నీటిచుక్క పడితే బుస్సుమంటుంది, ఉడుకుతుంది, పగిలి మొహాన ఎగురుతుంది. ఒకసారి నిండు లారీ మీద అకాలవర్షం పడి పొగలు లేస్తే, డ్రైవరు సాయిబు దూకి పారిపోయి సగం దూరం పోయాక గాని వెనక్కి చూడలేదట. అందుకని సున్నం కంట్లో పడినా మావాళ్లు నీళ్లు తగలనిచ్చేవాళ్లు కాదు. ఆముదం పోసేవాళ్లు, లేకపోతే బాలింత చేత పాలు పిండించేవాళ్లు. పైన గుడ్డ కట్టి పడుకోబెట్టేవాళ్లు. "కంట్లో నిప్పు పడితే కిరసనాయిలు పోస్తామా? నీళ్లూ అంతే," అనేవాడు నాన్న. ఆయన ఎడమ కంట్లోనూ ఆముదమే పోశారు.

నేను మిషన్ బడిలో చదివి, గుంటూరులో నర్సు పని నేర్చుకుని, నరసరావుపేట సర్కారు ఆసుపత్రిలో చేరాను. కళ్ల వార్డు అని పేరుకు ఉండేది. వరండా చివర నాలుగు మంచాలు, ఒక బల్ల, ఒక టార్చిలైటు. పిడుగురాళ్ల వైపు నుంచి సున్నం పడిన కళ్లు వచ్చేవి. రెండు మూడు రోజులు ఇంట్లో నానబెట్టి, కన్ను ఉబ్బి మూసుకుపోయాక బస్సెక్కి వచ్చేవాళ్లు. అప్పటికి మేం చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. చుక్కలు వేసి, కట్టు కట్టి పంపేవాళ్లం. వాళ్లు నన్ను గుర్తుపట్టి, "ఏమే, మేస్త్రి కూతురా, నాదీ మీ నాయన లెక్కేనా?" అని అడిగేవాళ్లు. ఏం చెప్పను? కోపం వచ్చేది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, ఎవరిమీదో తెలియని కోపమైతే మరీను.

ఆ వార్డుకు ఒక డాక్టరమ్మ బదిలీ మీద వచ్చింది. పొట్టి మనిషి, ముతక నేతచీర, జుట్టు గట్టిగా ముడి. నవ్వించడం రాదు, ఎవరన్నా నవ్విస్తే కాస్త ఆలస్యంగా నవ్వేది. వచ్చిన మొదటివారమే సున్నపు కన్ను ఒకటి వచ్చింది. ఆమె రెప్ప ఎత్తి చూసింది, దించింది, ఆ మనిషి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"పడ్డాక మొదట ఏం చేశారు?" అని అడిగింది.

అప్పటిదాకా మా వార్డులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎప్పుడు పడింది, ఎంత నొప్పి, ఇవే అడిగేవాళ్లం. ఆ తర్వాత వచ్చిన ప్రతి కంటినీ ఆమె అదే అడిగింది. ఆముదం. పాలు. వెన్న. ఒక ముసలాయన మాత్రం, పడినప్పుడు తను కాలవలో దిగి ఉన్నాననీ, కంగారులో నీళ్లలో తల ముంచేశాననీ చెప్పాడు. ఆయన కంట్లో అంచున చిన్న మచ్చ తప్ప ఏమీ లేదు. ఆమె ఆ ముసలాయన్ను వదలదే! కాలవ ఎంత లోతు, ఎంతసేపు మునిగావు, కళ్లు తెరిచావా మూశావా అని నానా యాగీ చేసింది. పాపం ఆయన, "అమ్మా, నేనేమన్నా దొంగతనం చేశానా?" అని బిక్కమొహం వేశాడు.

ఆ రోజుల్లోనే ఆసుపత్రికి ఒక సర్క్యులర్ వచ్చింది. ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లకు పరిశోధన నేర్పుతారట. రెండేళ్లు మద్రాసులో శిక్షణ, ఉండటానికి వసతి, నెలనెలా స్టయిపెండు. అయిపోయాక ఎవరి జిల్లాలో వాళ్లు తాము ఎంచుకున్న జబ్బు మీద పనిచేయడానికి కొంత గ్రాంటు, పరికరాలు. మా సూపరింటెండెంటు గారు చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. ఆ కాగితం మీద టీగ్లాసు పెట్టుకున్నారు. ఆమె గ్లాసు పక్కకు జరిపి చదివింది.

"ఇవి పెద్ద కాలేజీల్లో ఉండేవాళ్లకమ్మా," అన్నారాయన. "సున్నానికి పరిశోధన ఏమిటి? సున్నం పడితే కన్ను పోతుంది. ఇందులో కనిపెట్టేదేముంది?"

"ఎందుకు పోతుందో, పోకుండా ఏం చేయాలో సార్," అంది ఆమె.

ఆ మధ్యాహ్నం నేను కట్లు చుడుతుంటే నాతో అంది: "మందు వేయడం చదువుకున్నాను సిస్టర్. ఒక మాట నిజమా కాదా తేల్చుకోవడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు. ఆ ముసలాయన కన్ను కాలవ వల్ల దక్కిందా, పడిన సున్నమే తక్కువా? నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంటుంది. అది నేర్చుకోవాలి." అప్పటికే ఆ శిక్షణకు పెట్టిన వయసు దాటడానికి ఆమెకు ఆ ఒక్క ఏడాదే మిగిలి ఉంది. ఈసారి రాకపోతే ఇక రాదు. డాక్టరు అయ్యుండి నాకు తెలియదని నర్సు ముందు అనే మనిషిని నేను అదే చూడటం. నాకు ఆ క్షణంలో ఆమె మీద పుట్టిన గౌరవం ఇవాళ్టికీ తగ్గలేదు.

హైదరాబాదులో ఇంటర్వ్యూ అయింది. సున్నం పడిన కంటిని అక్కడికక్కడే నీళ్లతో కడిగించాలనుకుంటున్నానని చెబితే, అక్కడి పెద్దలు కూడా మా నాన్న మాటే అన్నారట! వాళ్లు చదివిన పుస్తకాల్లోనూ నూనే రాసి ఉందట. కాదనలేదు, అవుననలేదు. మద్రాసు నుంచి ఒక ప్రొఫెసరు గారు చలికాలంలో స్వయంగా వచ్చి చూస్తారన్నారు. బట్టీ పనివాళ్లు ఈ పనికి కలిసివస్తారని ఆయనకు నమ్మకం కుదిరితే సీటు ఆమెది. కుదరకపోతే పట్నంలో అన్ని హంగులూ ఉన్న ఇంకో డాక్టరుది. అంటే ఆమె సీటు మా బట్టీ వాళ్ల నోట్లో ఉందన్నమాట. అందులోనూ మా నాన్న నోట్లో. ఆయన ఊ అంటే అందరూ ఊ అంటారు, ఊహూ అంటే ఎవరూ కదలరు. ఇది విన్నాక నాకు నిద్ర పట్టలేదు, నాన్న సంగతి నాకు తెలుసు గనక.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమెను మా వాడకు తీసుకెళ్లాను. బయల్దేరేముందు ఆసుపత్రి ఎదుటి మాంసం కొట్టు సాయిబు మామను అడిగి రెండు మేక కళ్లు తెచ్చుకుంది. "కూరకా డాక్టరమ్మా?" అన్నాడాయన. "కాదు, చదువుకి," అంది. ఆయన నా వైపు చూసి కణత దగ్గర వేలు తిప్పాడు.

మా ఇంటి ముందు అందరూ మూగారు. ఆమె రెండు కళ్లనూ పళ్లెంలో పెట్టి, రెండింటి మీదా చిటికెడు సున్నప్పొడి చల్లింది. ఒకదాని మీద ఆముదం పోసింది. రెండోదాని మీద చెంబుతో నీళ్లు పోసింది, కొంచెం కొంచెంగా, జాగ్రత్తగా. బుస్సుమంది. పొగ లేచింది. చూస్తుండగానే ఆ కన్ను ఉడికిన కోడిగుడ్డులా తెల్లబడింది. ఆముదం పోసిన కన్ను దానికంటే నయంగా ఉంది.

"ఓరి నాయనో!" అని ఒక ముసలమ్మ చెంపలు వేసుకుంది. వెనక కుర్రాళ్లు విరగబడి నవ్వారు. "మా కళ్లు అట్టా ఉడకబెట్టుద్దా ఏంది ఈమె?" అని ఎవరో అన్నారు. నాకు భూమి చీలి అందులో కూరుకుపోతే బాగుండనిపించింది. నాన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నవ్వలేదు గాని, ఆయన మీసం నవ్వుతూనే ఉంది.

ఆమె ఆ కంటిని చాలాసేపు చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"నాదే తప్పు," అంది అందరికీ వినపడేలా. "మీరు చెప్పిందే జరిగింది. నీళ్లు పోస్తే ఉడికింది. ఎందుకో నాకు తెలియదు. తెలుసుకుని మళ్లీ వస్తాను."

నవ్వులు ఆగిపోయాయి. నాన్న కట్టుకున్న చేతులు విడిచాడు. మా అమ్మ, "ముందు అన్నం తినమ్మా, ఆ కళ్ల సంగతి తర్వాత," అని లోపలికి పిలిచింది. జొన్నన్నం, గోంగూర పచ్చడి. కారానికి ఆమె కళ్లవెంట నీళ్లు కారుతుంటే నాన్న గుమ్మంలోంచి, "నీళ్లు తాగమ్మా, దానికి మాత్రం నీళ్లే మందు," అన్నాడు. ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక తెగ నవ్వింది.

తిరుగు బస్సులో నేను ఊరుకుంటానా? "అంతమందిలో తప్పని ఒప్పుకోకపోతే ఏమమ్మగారూ? సున్నం ఎక్కువ పడిందనో, మేక కన్ను పాతదనో అనొచ్చుగా? ఇప్పుడు ఆ ప్రొఫెసరు గారు వస్తే వీళ్లేం చెప్తారు?" అని దులిపేశాను. ఆమె కిటికీలోంచి మిరపచేల వైపు చూస్తూ, "అందరూ చూసిన దాన్ని చూడలేదని చెప్పమంటావా?" అంది.

అక్కడినుంచి మొదలైంది మేక కళ్ల కాలం. మధ్యాహ్నం పనయ్యాక వార్డు వెనక అరుగు మీద ఆమె, నేను, పళ్లెం. ఒకసారి నీళ్లు తక్కువ, ఒకసారి ఎక్కువ. ఒకసారి సున్నం పడిన వెంటనే, ఒకసారి ఆగి. ఆసుపత్రి పిల్లులన్నీ మా చుట్టూ చేరేవి. ఊడ్చే ఆవిడ తిట్టని రోజు లేదు. సాయిబు మామ మాత్రం మా దారికొచ్చేశాడు. కళ్లు ఆకులో చుట్టి పక్కన పెట్టి ఉంచేవాడు. ఎవరన్నా బేరానికొస్తే, "అవి డాక్టరమ్మవి, ముట్టుకోమాక!" అని కసిరేవాడట. ఆమె ప్రతిసారీ ఏం జరిగిందో చెప్పి నన్నూ చూడమనేది. తనకు నచ్చినట్టు జరిగితే రెండోసారి చేసేది, నచ్చకపోతే మూడోసారి చేసేది. అంత ఓపిక నేనెక్కడా చూడలేదు. నాకైతే పళ్లెం విసిరి కొట్టాలనిపించేది.

ఆఖరికి తేలింది. చెంబెడు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తే సున్నం ఉడుకుతుంది, నిజమే. మావాళ్ల భయం నిజమైన భయమే. కానీ ముందు పొడిగుడ్డతో పొడి దులిపేసి, ఆ వెంటనే బిందెలకు బిందెలు ఆగకుండా ధారగా పోస్తే, వేడి పుట్టేలోపే సున్నం కొట్టుకుపోతుంది. కన్ను మిగులుతుంది. ఆలస్యమైతే ఎన్ని నీళ్లూ పనికిరావు.

ఆమె చీరకొంగుతో చేతులు తుడుచుకుని, "అంటే మన ఆసుపత్రిలో ఏమీ లేదు సిస్టర్. వాళ్లు బస్సెక్కేలోపే అంతా అయిపోతుంది. మందు అక్కడ, బట్టీ దగ్గరే ఉండాలి," అంది.

మళ్లీ ఆదివారం మళ్లీ మా వాడ. ఈసారి పొడిగుడ్డ, బిందెలు. ఆముదం పోసిన కన్ను మసకబారింది, దులిపి బిందెలతో నీళ్లు పోసినది నిగనిగలాడుతూ ఉంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాన్న దగ్గరికొచ్చి రెండింటినీ అరచేతిలో వేసుకుని, ఉన్న ఒక్క కంటికి దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"చచ్చిన మేక కన్నమ్మా ఇది," అన్నాడు. "బతికున్న మనిషి కన్ను ఇట్టాగే ఉంటదని ఏంది నమ్మకం?"

"లేదు," అంది ఆమె. "అది నాకూ తెలియదు. అందుకే నేర్చుకోవడానికి పోతానంటున్నాను. మీరు బట్టీ దగ్గర ఒక తొట్టి పెట్టనిస్తే..."

"బట్టీ కాడ నీళ్లా? నా కంఠంలో ప్రాణముండగా పెట్టనియ్యను!"

నేను ఇక పట్టలేకపోయాను. "ఆమె ఇంత కష్టపడి వస్తుంటే నీకేం మొండితనం నాన్నా? ఆమె ఎవరికోసం తిరుగుతోంది? ఆమె సీటు పోతే నీ కళ్లు చల్లబడతాయా?" అని అరిచేశాను. కళ్లు అన్నాక నాలిక కరుచుకున్నాను. ఆయన ఏమీ అనుకోలేదు.

"ఏమే, బట్టీ నీ నోరు అనుకుంటున్నావా, ఇష్టమొచ్చినప్పుడు పేలి ఊరుకోడానికి? తొట్టి పగిలి నీళ్లు బట్టీలోకి పోతే ముప్పై మంది ఎగిరిపోతారు. పో, లోపలికి పో," అన్నాడు. డాక్టరమ్మ, "ఆయన అన్నది నిజమే కదా," అంది నాతో. ఇద్దరూ ఒకటైపోతే నేనెవరితో పోట్లాడను?

చలికాలం వచ్చింది, ప్రొఫెసరు గారూ వచ్చారు. పెద్దాయన. తెల్ల కోటు, నల్ల గొడుగు, అరవయాస కలిసిన తెలుగు. మద్రాసు నుంచి రైలు, నరసరావుపేట నుంచి దుమ్ములో బస్సు. ఒక చిన్న ఆసుపత్రి డాక్టరు అడిగిందని ఆ వయసులో అంత దూరం వచ్చిన ఆయనకు కూడా మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

బట్టీ యజమాని హడావిడి చేశాడు. ఆఫీసు గది ముందు తళతళలాడే ఇత్తడి గంగాళం నిండా నీళ్లు పెట్టించాడు. "అయ్యగారు అడిగితే మేమంతా నీళ్లతోనే కడుక్కుంటున్నామని చెప్పండి, ఏం?" అని అందరికీ నూరిపోశాడు. డాక్టరమ్మకు ఇదేమీ తెలియదు. నాకు తెలుసు. తెలిసి లోపల సంతోషించాను కూడా. ఎలా వస్తే ఏం, సీటు వస్తే చాలు అనుకున్నాను.

ప్రొఫెసరు గారు ఒక్కొక్కరినీ అడిగారు. "కంటిలో సున్నం పడితే ఏమి చేస్తారు?" నీళ్లండయ్యా. నీళ్లండి. నీళ్లే దొరా. అందరిదీ ఒకటే పాట. ఆయన తల పంకిస్తున్నారు గాని, కళ్లు ఆ మెరిసే గంగాళం మీదే ఉన్నాయి. డాక్టరమ్మ మొహం పాలిపోయింది. ఈ పాట తను నేర్పింది కాదని ఆమెకు తెలుసు. తనే నేర్పిందని ఆయన అనుకుంటారనీ తెలుసు.

చివర నాన్న దగ్గరికి వచ్చారు. తెల్లబడిన కన్ను చూసి ఆగారు.

"నీవు?"

"నేను ఆముదం పోసుకుంటానయ్యా," అన్నాడు నాన్న.

యజమాని గొంతు సవరించుకున్నాడు. ఇంత చాకిరీ, ఇన్ని మేక కళ్లు, అన్నీ ఆయన నోట్లోంచి వచ్చిన ఆ ఒక్క ముక్కతో మట్టిగొట్టుకుపోయాయనుకున్నాను.

"అట్లయితే ఈ డాక్టరు చెప్పే మాటను నీవు నమ్మలేదా?"

"ఇంకా నమ్మలేదండి. వీళ్లూ నమ్మలేదు. ఆ గంగాళం పొద్దున పెట్టింది." నాన్న డాక్టరమ్మ వైపు చెయ్యి చూపించాడు. "కానీ ఒక మాట చెప్తా వినండి. ఈ బట్టీల్లో చానామందికి కళ్లు పోయినయ్. నాకూ పోయింది. ఎందుకు పోయిందిరా అని అడిగినోళ్లు ఇంతవరకూ ఒక్కరు రాలేదు. ఈమె వచ్చింది. వచ్చి మా అందరి ముందర ఒక పని చేసి చూపెట్టింది, అది తప్పయింది. తప్పయిందని మా మొహం మీదే చెప్పి, నేర్చుకుని మళ్లీ వచ్చింది. తెలవనిది తెలవదంటది. అట్టాంటి మనిషికి నేర్పకపోతే మీ చదువు ఇంకెవరికి నేర్పుతారు? నేర్పండి. నేర్చుకుని వచ్చి ఆమె నీళ్లు పొయ్యమంటే పోసుకుంటా. నాకు ఉన్నది ఒక్కటే. అది ఆమెకి ఇస్తా."

ప్రొఫెసరు గారు గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, నాన్న చేయి పట్టుకుని ఊపారు. సున్నపు చేయి ఆయన తెల్ల కోటుకు అంటుకుంది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి ఏదో ఇంగ్లీషులో అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏమన్నారని బస్సులో అడిగితే, "సామాను సర్దుకోమన్నారు," అంది.

ఆమె మద్రాసు వెళ్లాక కళ్ల వార్డు బోసిపోయింది. సాయిబు మామ కొన్నాళ్లు అలవాటుకొద్దీ కళ్లు దాచి ఉంచాడట. ఆమె అప్పుడప్పుడు రాసిన కార్డుల్లో అక్కడ ఏం నేర్చుకుంటున్నదీ చెప్పేది. కంటిని పెద్దదిగా చేసి చూపే దీపం, కుందేళ్ల మీద పరీక్షలు, ఎవరిని ఎవరితో పోల్చి చూస్తే మాట నిజమని తేలుతుందో చెప్పే లెక్కలు. లెక్కలు రాక చీవాట్లు తింటున్నానని కూడా రాసింది. ఆ వయసులో పిల్లలతో పాటు బెంచీ మీద కూర్చుని చీవాట్లు తినడం అంటే మాటలా? నేనైతే ఆ వారమే రైలెక్కి వచ్చేసేదాన్ని.

ఈలోగా నేను ఇంటికి వెళ్లినప్పుడు బట్టీ వైపు పోతే, గాలికి ఎదురుగా, పల్లంలో, రాతి తొట్టి ఒకటి కనిపించింది. పగిలినా నీళ్లు బట్టీ వైపు పారకుండా చుట్టూ కట్ట పోసి ఉంది. పైన చెక్కమూత.

"ఇదేంది నాన్నా?"

"బొగ్గు బండ్ల ఎద్దులకి," అన్నాడు అటు తిరిగి.

"ఎద్దుల తొట్టికి మూత ఎందుకు?"

"ఎద్దులకి దుమ్ము పడదే. పని చూసుకో పో."

నేను నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఆమెకు రాద్దామనుకున్నాను గాని, నాన్న సంగతి తెలిసి, రాస్తే తొట్టి తీసేస్తాడేమోనని ఊరుకున్నాను.

రెండేళ్లయ్యాక ఆమె తిరిగొచ్చింది. పెద్ద ఆసుపత్రుల్లో ఉండిపొమ్మన్నారట, ఉండలేదు. గ్రాంటు కాగితాలు, చెక్కపెట్టెలో పరికరాలు తీసుకుని మా నాలుగు మంచాల వార్డుకే వచ్చింది. వచ్చిన మొదటి ఆదివారమే పిడుగురాళ్ల పోదామంది. దారిపొడుగునా బట్టీల దగ్గర తొట్లు పెట్టడానికి మేస్త్రీలను ఎలా ఒప్పించాలో ఆలోచిస్తూనే ఉంది. నేను నోరు కట్టుకుని కూర్చున్నాను. అది నాకెంత కష్టమో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

నాన్న మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆమెను చూసి చుట్ట ఆర్పాడు. "నేర్చుకున్నావా అమ్మా?" అన్నాడు.

"కొంచెం," అంది ఆమె. అని ఆయన మొహంలోకి చూసి ఆగిపోయింది. సంచీలోంచి భూతద్దం, టార్చిలైటు తీసి, అడగకుండానే ఆయన గడ్డం పట్టుకుని పైకెత్తింది. కుడి కన్ను. ఉన్న ఒక్క కన్ను. అంచున, తెల్లగుడ్డు నల్లగుడ్డు కలిసేచోట, సన్నని తెల్ల గీత. మధ్యలో అంతా తేటగా ఉంది.

"ఇది ఎప్పుడు?" అంది.

"పోయిన ఎండాకాలం. గడ్డ పగిలి ఎగిరింది."

నేను కెవ్వుమన్నాను. "కంట్లో సున్నం పడితే నాకు ఒక్క మాట చెప్పవా? నర్సును కన్నది దేనికి?"

"చెప్తే ఇట్టాగే అరుస్తావని చెప్పలా. అయినా కనపడుతుంటే ఆసుపత్రి ఎందుకే?"

ఆమె మా ఇద్దరి మాటలూ వినిపించుకోలేదు. నేల మీదే కూర్చుని కాగితం, పెన్సిలు తీసుకుంది.

"పడ్డాక మొదట ఏం చేశారు?"

"పైగుడ్డతో దులిపా. నువ్వు మేక కన్నుకి దులిపినట్టే. తొట్టి కాడికి ఉరికి మూత లాగి తల ముంచా. నీళ్లలో కన్ను తెరిస్తే అమ్మో, ప్రాణం పోయింది. పైకి లేవబోతే ఆడోళ్లు పట్టుకుని బిందెల్తో పోస్తానే ఉన్నారు. చాలు చాలన్నా ఆపలా."

"నమ్మలేదన్నావుగా?" అన్నాను నేను, ఊరుకోలేక.

"ఆ మంటలో నమ్మానా లేదా అని కూర్చుని ఆలోచించే తీరిక యాడుందే?"

ఆమె తల వంచుకుని రాసుకుంటోంది. ఎన్ని బిందెలు, నీళ్లు చల్లవా ఎండకు కాగినవా, మంట ఎప్పుడు తగ్గింది, వరసగా అడుగుతూనే ఉంది. ఆయన చెబుతూనే ఉన్నాడు. కాగితం మీద చుక్కలు పడుతున్నాయి. పడిన చోట పెన్సిలు గీత సాగడం లేదు, అయినా గీస్తూనే ఉంది.

నాన్న మంచం మీంచి వంగి ఆమె చేతిలోంచి పెన్సిలు తీసుకున్నాడు.

"ఏడుస్తా రాస్తే కాగితం పాడైపోద్దమ్మా," అన్నాడు. "ముందు ఏడ్చుకో. నేను యాడికీ పోను, నా కన్నూ యాడికీ పోదు. తర్వాత రాసుకుందువు గాని."